శామీర్‌పేట మీదుగా హెచ్-ఇండెక్స్‌కు దగ్గరి దారి

మేడ్చల్ వైపు ఏదో ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారా? శుభం. ల్యాబు తాళంచెవి తర్వాత అడగొచ్చు, ముందు గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ తెరవండి. అప్రైజల్ ఫారంలో పాఠం సంగతి ఒక గడిలో సరిపోతుంది. స్కోపస్ పేపర్లెన్ని, సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అన్నవాటికే బోలెడు గళ్లు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. 20 పేపర్లకు తలా 20 సైటేషన్లయినా ఉంటే మీ అంకె 20. కిటుకంతా ఇక్కడే ఉంది: ఒకే పేపర్‌ను పదివేల మంది ఉదహరించినా ఈ లెక్కలో కలిసేది ఒక్కటే. అందుకని గొప్ప పేపర్ రాసే దుబారా పెట్టుకోకండి. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతి ప్రచురించారు. ప్రపంచంలోని బయోకెమిస్ట్రీ ల్యాబులన్నీ దశాబ్దాల తరబడి దాన్ని వాడుకున్నాయి. ఏం లాభం, హెచ్‌కు వచ్చింది ఒకటే! మీరైతే రక్తంలో ఫాస్ఫరస్ ఒక పేపరు, మూత్రంలో ఫాస్ఫరస్ ఒక పేపరు అంటూ దొండకాయ చక్రాల్లా తరిగి అరడజను చేయాలి.

అంతకన్నా ప్రమాదం, మీ పేరే సిద్ధాంతమైపోవడం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్.రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ వేశారు. ఇవాళ స్టాటిస్టిక్స్ వాళ్లు ‘క్రామర్-రావు’ అనేసి ముందుకు వెళ్లిపోతారు, కింద ఆ పేపర్‌ను పెట్టాలన్న ధ్యాస చాలామందికి ఉండదు. అన్నీ పోయిన సైటేషన్లే. ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది 2023లో, పేపరు వేసిన 78 ఏళ్లకు. మీ ఇంక్రిమెంట్ అంతకాలం ఆగుతుందా?

ఇక రంగాల మధ్య పోలిక. ఇది తెలియాలంటే రాజీవ్ రహదారి మీద ఒక పూట తిరిగితే చాలు. జవహర్‌నగర్ పక్కన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. జీవశాస్త్రం పేపరు చివర రిఫరెన్సులు చాంతాడంత ఉంటాయి, పేపర్లూ గబగబా వస్తాయి, కాబట్టి అందరి ఖాతాలూ త్వరగా నిండుతాయి. గణితంలో జాబితా పొట్టిది, మొదటి సైటేషన్ రావడానికే ఏళ్లు పట్టొచ్చు. లా వాళ్లు తీర్పులనూ పుస్తకాలనూ ఫుట్‌నోట్లలో పేర్చుకుంటారు. పైగా జడ్జిగారు తీర్పులో మీ వ్యాసాన్ని ఉదహరించినా స్కోపస్‌లో మీకొచ్చేది సున్నా. కాబట్టి మీది బయాలజీ అయితే గణితం మాస్టారి పక్కన నిలబడి ఫొటో దిగండి. గణితమైతే నల్సార్ వైపు చూడండి. లా అయితే కంప్యూటర్ సైన్స్ మిత్రుడి పేపర్లో ఐదో పేరుగా దూరండి. రంగం సగటును బట్టి అంకెను సరిచేసే పద్ధతులున్నాయని ఎవరైనా మొదలుపెడితే, టీ తాగొస్తానని లేవండి.

జర్నల్ ఎంచుకోవడం మరీ సులువు. ఏ జర్నళ్లు నమ్మదగినవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు. మంచిచెడ్డలు ఇక కాలేజీలే తేల్చుకోవాలి, అంటే కమిటీ మీటింగు కుదిరినప్పుడన్నమాట. ఈలోపు వారంలో అచ్చేస్తామని మెయిల్ పెట్టేవాళ్లను నమ్మండి. పీర్ రివ్యూ పేరుతో మోసగించిందని హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఓమిక్స్‌ను 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. అది అమెరికా సంగతి, మనకెందుకు?

కాపీ దొరకకుండా పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు మాత్రం ఏం వచ్చిందో చదవకండి, బీపీ పెరుగుతుంది. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అవుతుంది, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ ‘బుజమ్ పెరిల్’ అవుతుంది. ఇలాంటివి అచ్చయిన పేపర్లలోనే కనబడుతున్నాయని 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబానాక్ బృందం బయటపెట్టింది. రివ్యూయర్లు కూడా మీలాగే చదవలేదు, చూశారా!

చివరగా, ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఇంతకీ మీరేం కనిపెట్టారని ఎవరో ముసలి ప్రొఫెసర్ అడగొచ్చు. తడబడకుండా మీ హెచ్-ఇండెక్స్ చెప్పండి. ఆయన మళ్లీ అదే అడిగితే ఐ-10 ఇండెక్స్ కూడా చెప్పండి.