నాలుగు పాకల జమీందారు

డబ్బు ఖర్చు పెట్టడం సరదా. పదిమంది చూస్తుండగా ఖర్చు పెట్టడం వ్యసనం. నాకు రెండోది ఉంది. మీకూ ఉంది, కాకపోతే మీరు పైకి చెప్పరు. హోటల్లో బిల్లు రాగానే వెయిటరు చేతిలోంచి లాక్కుని, "ఛఛ, నేనుండగా మీరిస్తారా" అని, ఇంటికెళ్ళి కార్డు స్టేట్‌మెంట్ చూసి నెల్లాళ్ళు మజ్జిగన్నంతో సరిపెట్టుకునే జాతి మనది. కాబట్టి నేను చెప్పబోయేది విని నవ్వండి, ఫరవాలేదు. నవ్వాక మాత్రం క్షమించెయ్యాలి.

కిందటి క్రిస్మస్ సెలవులకి మా అత్తవారి వైపు బలగమంతా కలిసి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నించి క్రూజ్‌కి వెళ్ళాం. అమలాపురం నించి వచ్చిన అత్తగారూ మావగారూ, మా ఆవిడ అక్కాచెల్లెళ్ళు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లలు "వీళ్ళు రాకపోతే మేమూ రాం" అని పట్టుబట్టి తెచ్చుకున్న స్నేహితులు, అంతా కలిపి ముప్ఫై రెండుమంది తేలారు. అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మెక్సికోలో దిగడానికి వేరే వీసా అక్కర్లేదన్న ముక్క కనుక్కున్నది నేనే. ఆ ఒక్క ముక్కకే నన్ను అందరూ ఆర్గనైజర్ అనేశారు. నా పతనం అక్కడ మొదలైంది.

అసలు కారణం వేరే ఉంది, మీ దగ్గర దాచడమెందుకు. మా తోడల్లుడు. అత్తగారు వాళ్ళు అంతకుముందు వచ్చినప్పుడు ఆయన కొలరాడో కొండల్లో ఓ ఇల్లు అద్దెకి తీసి అందర్నీ తీసుకెళ్ళాడు. "వేన్నీళ్ళ తొట్టిలో కూచుంటే పైనించి మంచు రాలుతుండేదమ్మా, పెద్దల్లుడుగారి పుణ్యమాని" అని అత్తగారు ఇప్పటికీ ఫోన్లు చేసి మరీ చుట్టాలకి చెబుతుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నా చేతిలో కాఫీ చల్లారిపోయేది. తోడల్లుడి మంచుకి జవాబు చెప్పాలంటే నా దగ్గర ఉన్నది ఎండ ఒక్కటే. ఎండకి విరుగుడు నీడ. ఆ నీడ కొనడానికే బయల్దేరాను.

మా ఓడ కొజుమెల్‌లో ఆగుతుంది. మెక్సికో తూర్పు తీరం పక్కన, కరీబియన్ సముద్రంలో ఉన్న దీవి అది. 2024లో ఓడల మీద వచ్చి అక్కడ దిగినవాళ్ళే నలభై లక్షలు దాటారు. పడమటి ఒడ్డున, అలలు పెద్దగా లేని వైపు, బీచ్ క్లబ్బులు వరసగా ఉంటాయి. పాసు కొనుక్కుంటే కుర్చీ, ఆకుల గొడుగు, స్విమ్మింగ్ పూలు అన్నీ అందులోనే. మామూలు మనిషికి అది చాలు. నేను మామూలు మనిషిని కానని నిరూపించుకోవలసిన అగత్యం ఉంది గనక వెబ్‌సైట్లో ఇంకా కిందికి వెళ్ళాను. అక్కడ కనిపించింది కబానా. నాలుగు గుంజలు, పైన ఆకుల కప్పు, చుట్టూ గాలికి ఊగే తెల్లటి తెరలు, లోపల పరుపు సోఫాలు, ఐసుపెట్టెలో నీళ్ళ సీసాలు, పళ్ళెంలో పుచ్చకాయ, అనాస ముక్కలు, పిలిస్తే పలికే వెయిటరు. అద్దె రోజుకి రెండువందల ఇరవై డాలర్లు. ఒక్కోదాంట్లో ఎనిమిదిమంది. ముప్ఫై రెండుని ఎనిమిదితో భాగిస్తే నాలుగు, శేషం సున్నా. లెక్క అంత శుభ్రంగా తెగేసరికి దైవసంకల్పం అనుకున్నాను.

వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. పాసులు ఎవరివి వాళ్ళు కొనుక్కున్నారు. "కబానాలకి తలా ఎంత పడుతుంది బావా?" అని బావమరిది అడిగాడు. ఎంత మర్యాదైన ప్రశ్నో చూడండి. దానికి జవాబు ఒక అంకె. నేనేం రాశాను? "మనలో మనకి లెక్కలేంటోయ్!" అని రాశాను. చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. క్షణంలో గ్రూపు నిండా దణ్ణాలు, గుండెకాయలు. తోడల్లుడు మాత్రం ఏమీ పెట్టలేదు. నీలం టిక్కులు పడ్డాయి, అంటే చదివాడన్నమాట. ఆ మౌనం చూసుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఓడెక్కింది మొదలు నా వాగుడికి అడ్డులేదు. భోజనాల బల్ల దగ్గర అందర్నీ కూచోబెట్టి, "అసలీ ఓడ మెక్సికోలో ఎందుకు ఆగుతుందో తెలుసా? 1886లో అమెరికా వాళ్ళు ఓ చట్టం చేశారు. పరాయి జెండా ఓడలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపుగా బహామాస్‌లోనో పనామాలోనో రిజిస్టరై ఉంటాయి. అందుకని దారిలో ఇంకో అమెరికా రేవులో ఆగితే, ఎక్కిన రేవులోనే తిరిగి దింపాలన్నా, మధ్యలో ఓ విదేశీ రేవు తాకి రావలసిందే" అని ఉపన్యాసం ఇచ్చాను. మావగారు ఆసాంతం విని, "అయితే మనం వెళ్ళేది సరదాకి కాదా బాబూ, చట్టానికా?" అన్నారు. నవ్విన వాళ్ళలో తోడల్లుడి గొంతు విడిగా వినబడింది.

కొజుమెల్ చేరే రోజు పొద్దున మైకులో ఏదో ప్రకటన వచ్చింది. నేనప్పుడు అద్దం ముందు కొత్త గడ్డి టోపీ సర్దుకుంటున్నాను. టోపీ ఏ వాటంలో ఉంటే ఆర్గనైజర్‌లా కనిపిస్తానో తేల్చుకోడానికి పావుగంట పట్టింది. ఆ ప్రకటనేమిటో మీకిప్పుడే చెప్పను. నాకూ అప్పుడు తెలీదు కదా, మీరు మాత్రం ముందే తెలుసుకుంటే ఏం న్యాయం?

ఓడ పదింటికి ఆగింది. నాలుగు వ్యాన్లు మాట్లాడుకుని క్లబ్బు చేరేసరికి నా ఫోనులో పావుతక్కువ పన్నెండు. దిగడానికే ఇంతసేపా అని విసుక్కున్నాను గానీ, కబానా ముందు పలక మీద సుద్దముక్కతో రాసిన నా ఇంటిపేరు చూడగానే అంతా మరిచిపోయాను. అందులో రెండు అక్షరాలు తప్పు. అయినా ఫొటో తీసుకున్నాను. పక్కన నిలబడి ఒకటి, కూచుని ఒకటి, ఏదో ఆలోచిస్తున్నట్టు సముద్రం కేసి చూస్తూ ఒకటి.

అత్తగారు మాత్రం తలెత్తి కప్పు కేసి చూస్తున్నారు. చెయ్యెత్తి ఓ ఆకు కొస లాగి, వేళ్ళ మధ్య నలిపి చూశారు. "మా పెరట్లో గేదెల పాక అచ్చం ఇలాగే ఉండేది బాబూ. దానికీ ఇలాగే గాలి బాగా వచ్చేది. దీనికెంతటా?" అన్నారు. "చెప్పవోయ్, నాకూ వినాలనుంది" అన్నాడు వెనకనించి తోడల్లుడు. "అబ్బే, ప్యాకేజీలో వచ్చిందండీ" అన్నాను. ఎనిమిది వందల ఎనభై డాలర్లు పోసింది పేరు కోసం. తీరా పేరు చెప్పుకునే సమయానికి ధర చెప్పడానికి సిగ్గేసింది. ఇంతకన్నా శుద్ధమైన నష్టం వ్యాపారంలో ఉండదు.

ఏ కుటుంబం ఏ కబానాలో ఉండాలో పట్టిక రాసి తెచ్చాను. ఎవరూ చూడలేదు. మొదటి కబానాలో అత్తగారు కాళ్ళు చాపుకుని కూచుని, చేతిసంచీలోంచి కారప్పూస పొట్లం తీశారు. అంతే. కూతుళ్ళు చుట్టూ చేరారు. కూతుళ్ళ కోసం మనవలొచ్చారు. మనవల వెనకాల తువ్వాళ్ళు పట్టుకుని తండ్రులొచ్చారు. ఓ మూల పేకముక్కలు పడ్డాయి. ఎనిమిది మంది పట్టే చోట పాతిక మంది ఇరుక్కుని, ఒకళ్ళ మోచేయి ఒకళ్ళ డొక్కలో పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరు అలిగారన్న విషయం మీద తీర్పులు చెప్పుకుంటున్నారు. కారప్పూస రాలిన చోటికి ఓ ఇగ్వానా తాపీగా నడిచొచ్చింది. "ఉడుమే, ఉడుం!" అని అత్తగారు కాళ్ళు పైకి లాక్కున్నారు. ఉన్న చోటు ఇంకా తగ్గింది. అయినా ఒక్కరు పక్క కబానాకి కదల్లేదు.

మనవాళ్ళు భాగహారానికి లొంగరండీ. ఆ క్లబ్బు అమ్మేది నీడ కాదు. నీడ పాసులోనే వస్తుంది. తెరలు దించుకుంటే పక్కవాడి మొహం కనబడదు చూశారా, ఆ ఎడం, దానికే డబ్బు. మేం అంత దూరం వెళ్ళిందేమో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూచోడానికి. ఎడం అక్కర్లేని వాళ్ళకి ఎడం కొనిపెట్టిన మహానుభావుణ్ణి నేను.

కాసేపటికి వెయిటరు వచ్చి, మిగతా మూడూ ఖాళీగా ఉన్నాయి, వేరేవాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేయమంటారా అని వినయంగా అడిగాడు. ఇచ్చేస్తే కనీసం పుణ్యమన్నా దక్కేది. "నో నో, మావాళ్ళు వస్తారు" అన్నాను. అన్నాక మాట నిలబెట్టుకోవాలి కదా. రెండో కబానాలో పావుగంట, మూడోదాంట్లో పావుగంట, నాలుగోదాంట్లో పావుగంట, మళ్ళీ రెండోది. మూడు చోట్లా పడుకున్నాను. మూడు పళ్ళేల్లో పుచ్చకాయ ముక్కలూ తిన్నాను. ఆ మూడు కప్పుల కింద మావాళ్ళ చెప్పుల జతలూ తడి సంచులూ కాపలా కాశాను. తోడల్లుడు మాత్రం పాసుతో ఉచితంగా వచ్చే ఆకుల గొడుగు కింద టోపీ మొహం మీద బోర్లించుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

ఈలోగా పిల్లలు గ్వాకమోలే అడిగారు. మెనూ తీసి చూస్తే డాలరు గుర్తు, పక్కన నూట తొంభై. కళ్ళు తిరిగాయి. "ఎండలో అవకాడో వేడి చేస్తుందమ్మా" అని పిల్లలకి ఆరోగ్యసూత్రాలు మొదలెట్టాను. వెయిటరు జాలిపడి, అవి పెసోలండీ, మా పెసోకీ ఇదే గుర్తు, మీ లెక్కలో పది డాలర్ల చిల్లర అన్నాడు. ఆ సంతోషంలో రెండు పళ్ళేలు చెప్పి, సిగ్గు కప్పెట్టుకోడానికి పది డాలర్లు టిప్పు కూడా ఇచ్చాను.

ఇక అసలు ఘట్టం. నాలుగో కబానాలో మాగన్నుగా నిద్రపట్టి, ఉలిక్కిపడి లేచి ఫోను చూస్తే మూడూ యాభై. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. రేవుకి ఇరవై నిమిషాల దారి. ముప్ఫై రెండుమంది. గుండె గొంతులోకొచ్చింది. "లేవండి, లేవండి, ఓడ వెళ్ళిపోతోంది!" అని కేక పెట్టాను. పేకముక్కలు ఎగిరాయి, కారప్పూస ఇగ్వానా పాలైంది, నీళ్ళలో ఉన్న పిల్లల్ని దొరికిన చెయ్యి దొరికినట్టు బయటికి లాగాం, ఎవరి తువ్వాలు ఎవరు చుట్టుకున్నారో తెలీదు, ఎవరి పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారో తెలీదు, బావమరిది ఒంటిమీద మరదలి టోపీ తప్ప పైబట్ట లేదు, తడిచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని అత్తగారు ఒంటి చెప్పుతో వ్యానెక్కారు, దార్లో "గోవిందా" అని ఒకరు, "పాస్‌పోర్టులున్నాయా" అని ఒకరు, డ్రైవరు మెడ మీద నా ఊపిరి, రేవు దగ్గర దూకి ఆ పొడుగాటి వంతెన మీద పరుగో పరుగు, ముందు నేను, వెనక సైన్యం, ఓడ బాల్కనీల్లోంచి జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు.

మెట్ల దగ్గర నిలబడ్డ గార్డు మమ్మల్ని ఎగాదిగా చూసి, పక్కనున్న గడియారం చూపించాడు. మూడూ ఇరవై.

పొద్దున మైకులో చెప్పింది అదేనట. దీవి టైము వేరు, ఓడది టెక్సాస్ టైము, మీరు ఓడ టైమే చూసుకోండి అని. కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 ఫిబ్రవరి 1న తన గడియారాన్ని గంట ముందుకి జరుపుకుంది. సాయంత్రం బీచిలో ఓ గంట ఎక్కువ వెలుతురుంటే నాలాంటి వాళ్ళు ఓ గంట ఎక్కువ ఖర్చు పెడతారని. వేసవిలో టెక్సాస్ గడియారం కూడా ముందుకి జరుగుతుంది కాబట్టి రెండూ కలుస్తాయి. చలికాలంలో గంట తేడా. ఆర్గనైజర్‌ని కాబట్టి నేను రోమింగ్ కొన్నాను. ఫోను మెక్సికో సిగ్నల్ పట్టుకుని బుద్ధిగా దీవి టైము చూపించింది. డబ్బు దండగని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకున్న వాళ్ళందరి ఫోన్లలోనూ సరైన టైమే ఉంది. కాకపోతే అంత హడావిడిలో ఎవడు చూసుకుంటాడు? 1886 నాటి చట్టం కంఠతా వచ్చినవాడికి ఆ పూట గడియారం చూడ్డం రాలేదు. నా ఎనిమిది వందల ఎనభైలో సాయంత్రం ఓ గంట సముద్రంలో కలిసింది.

తోడల్లుడు తీరిగ్గా చేతివాచీ చూసుకున్నాడు. "నా వాచీలోనూ మూడూ ఇరవయ్యేనోయ్" అన్నాడు. "మరి చెప్పొచ్చు కదా అన్నయ్యగారూ!" అన్నాను. "నువ్వు ఆర్గనైజర్‌వి కదా, ఏదో ప్లానుంటుందనుకున్నా."

ఇంటికొచ్చాక రాత్రిపూట ఎక్సెల్ తెరిచి కుటుంబాల వారీగా పంచి చూసుకున్నాను. "ఉజ్జాయింపుగా..." అని గ్రూపులో టైపు చేసి చెరిపేశాను. మళ్ళీ టైపు చేసి మళ్ళీ చెరిపేశాను. మర్నాడు పొద్దున, నేను అడక్కుండానే, తోడల్లుడు తన వాటా రెండువందల ఇరవై నా ఖాతాలో వేసి, ఆ సంగతి గ్రూపులో పెట్టాడు. వెనకాలే మిగతావాళ్ళు, "మా వాటా కూడా చెప్పండి" అన్నారు. పోయిన డబ్బు కాళ్ళతో నడిచి ఇంటికొస్తోంది. తలుపు తియ్యడమే తరువాయి.

నేను ఆ రెండువందల ఇరవై ఆయనకే తిప్పి పంపేశాను. "ఛఛ, ఏంటన్నయ్యగారూ ఇది, పరాయివాళ్ళమా" అని గ్రూపులో రాశాను. ఇంకెవరూ వాటా ఊసెత్తలేదు. బొటనవేళ్ళు మాత్రం పైకి లేచాయి. లెక్కపెట్టాను, ఇరవై ఆరు. ఒక్కో వేలికి ముప్ఫై డాలర్ల పైచిలుకు. మా ఆవిడ నా భుజం మీదనించి ఫోనులోకి తొంగిచూసి, ఏమీ అనకుండా మజ్జిగ చిలకడానికి లోపలికి వెళ్ళింది.

అయినా మీతో అబద్ధమెందుకు, తోడల్లుడు కూడా బొటనవేలు పెట్టాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.