బ్రోచర్‌కే త్రీడీ, బిల్లుకు కాదు

మన నిర్మాణ రంగం ఇంకా డిజిటల్ కాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. పునాది తవ్వకముందే అపార్ట్‌మెంటు వీడియోలో మొలుస్తోంది. ఈతకొలను నీళ్లు, బాల్కనీలో మొక్క ఆకులు అన్నీ త్రీడీలోనే. కనబడనిది ఒక్క డ్రైనేజీ పైపు. అది ఎటు పోవాలో శ్లాబ్ పోసి, సెంట్రింగ్ విప్పాక ప్లంబరు, ఎలక్ట్రీషియన్, ఏసీ మనిషి తలలెత్తి చూసుకుని తేలుస్తారు. వాళ్ల వల్ల కాకపోతే కోర్ కటింగ్ మిషను బీమ్‌కు చిల్లు పెట్టి తీర్పు చెబుతుంది.

బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే బిమ్, ఈ పంచాయితీని తెర మీదే ముగిస్తుంది. అందులో గోడ రెండు గీతలు కాదు. దాని మందం, సరుకు, ధర, కట్టాల్సిన తేదీ అన్నీ ఉంటాయి. పైపు బీమ్‌లోకి దూరితే అక్కడే పట్టిస్తుంది. బ్రిటన్ 2011లోనే చెప్పిపెట్టి, 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ పనులకు దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో నాగపూర్ మెట్రో కాలాన్నీ ఖర్చునూ మోడల్‌కు ముడిపెట్టింది. విదేశీ భవనాలకు మోడళ్లు చేసే ఆఫీసులు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. పరాయి దేశపు పైపు ఏ బీమ్‌కు తగులుతుందో ఇక్కడి కుర్రాళ్లు కూర్చున్నచోటే కనిపెడతారు. వీధి చివర లేస్తున్న భవనం సంగతి వాళ్లను అడిగే నాథుడు లేడు.

సాఫ్ట్‌వేర్ ఖరీదంటారు. చిన్న బిల్డరుకు నిజంగా భారమే. కానీ 200 గజాల ఇంటికి దీన్ని రుద్దమని ఎవరన్నారు? సింగపూర్ 2013లో 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలతో మొదలుపెట్టి, 2015కి 5,000కు దిగింది. మేస్త్రీలకు చదువు లేదంటారు. మేస్త్రీ మౌస్ పట్టనక్కర్లేదు, ఖరారైన డ్రాయింగు చేతికిస్తే చాలు. ఏ రివిజన్ చివరిదో ఇంజనీరుకే తెలియకపోవడం మేస్త్రీ నిరక్షరాస్యత కిందకు రాదు. తప్పుడు లెక్కలు ఎక్కిస్తే మోడలూ తప్పే చెబుతుందంటారు. ఒప్పుకోవాల్సిందే. కాకపోతే పద్ధతిగా నడిపిన మోడల్‌లో ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో నమోదై ఉంటుంది. అసలు బాధ అక్కడే ఉంది. ఎంత ఇనుము, ఎంత కాంక్రీటు పడుతుందో ముందే తేలిపోతే, పని కొలతలు రాసే ఎంబుక్‌లో ‘అదనపు పని’ ఎక్కడ దూరుతుంది? తప్పును కాంట్రాక్టరు కన్సల్టెంటు మీదకు, కన్సల్టెంటు శాఖ మీదకు, శాఖ వానల మీదకు నెట్టే వెసులుబాటు ఏమైపోవాలి?

అందుకే టెండరులో ‘బిమ్ ఉండవలెను’ అని రాసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. పని ముగిశాక ఒక పెన్‌డ్రైవ్ ఫైలుకు చేరి బీరువా ఎక్కుతుంది. జరిగిన పనికి తగ్గట్టు మోడల్ సరిచేయనిదే రన్నింగ్ బిల్లు చెల్లించబోమని షరతు పెట్టాలి. బిల్లు ఆగితే కాంట్రాక్టరుకు ఏ సాఫ్ట్‌వేరైనా వారంలో వచ్చేస్తుంది.