పద్మినీ పునరుద్ధరణం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పాత కారును ఇంటి ముందు నిలిపి, విప్పి, మళ్లీ బిగించుకోదలచిన గృహస్థుల మేలు కోరి ఈ పద్యం పుట్టింది. కర్త తన పేరు చెప్పుకోలేదు. ఖర్చు లెక్క ఇంట్లోవాళ్ల కంటపడుతుందన్న జంకే కారణమని పెద్దలు ఊహిస్తారు.

కథానాయిక ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా అవతరించింది. 1974 నుంచి పద్మిని పేరుతో వెలిగింది. మారుతి వచ్చాక వెలవెలబోయి, సుమారు 2000 నాటికి అవతారం చాలించింది. 1089 సీసీ ఇంజను, రమారమి నలభై గుర్రాల బలం, స్టీరింగు పక్కన గేరు కర్ర, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు నాయికా లక్షణాలు. బొంబాయి ట్యాక్సీగా తిరిగిన చివరి పద్మినికి 2023 అక్టోబరులో కాలం తీరింది. మిగిలినవాటిలో చాలావరకు చెట్ల కింద, షెడ్ల వెనక, టార్పాలిన్ ముసుగులో ఉన్నాయి. అలాంటి ఒకతె ఒక ఇల్లు చేరిన ఘట్టమిది.

మూలం (ఆటవెలది)

పాత పద్మినొకటి పావువంతు ధరకు
తెచ్చి, చిన్నపనియె తేలుననుచు
విప్పినంతలోన విశ్వరూపముఁ జూపె
మరల విప్పునట్లు మార్చవలయు

ప్రతిపదార్థం

పాత = పదిహేనేళ్ల రిజిస్ట్రేషను ఎప్పుడో ముగిసి, అయిదేళ్లకోసారి రవాణా శాఖ వారికి ఒళ్లు చూపించుకోవలసిన; పద్మినొకటి = ఒకానొక పద్మినిని; పావువంతు ధరకు = కొన్న రోజున చవక అనిపించిన మొత్తానికి; తెచ్చి = తోలుకొని కాదు, డీసీఎం మీదికి ఎక్కించి; చిన్నపనియె = కొంచెం పనే; తేలును = ముగిసిపోతుంది; అనుచు = అనుకుంటూ; విప్పినంతలోన = మొదటి నట్టు ఊడిన మరుక్షణంలో; విశ్వరూపముఁ జూపె = దాచుకున్నదంతా బయటపెట్టింది; మరల విప్పునట్లు = ఇంకొకరు తిరిగి ఊడదీయగలిగేలా; మార్చవలయు = మార్పులు చేయాలి.

తాత్పర్యం

పాత బండిని చవకగా కొని, ఇట్టే అయిపోతుందని విప్పితే, పని పెరుగుతుంది. ఎంత పెరిగినా సరే, కొత్తగా చేసే ప్రతి మార్పూ తిరిగి వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలని భావం.

మొదటి పాదం

‘పద్మిని ఒకటి’ అన్నచోట సంధి చేయడం వ్యాకరణం ఒప్పదు. కవి తెలియక చేసిన తప్పు కాదిది. పద్మినిలో ఏ రెండు రేకులు కలిసేచోటు చూసినా అతుకు సమంగా ఉండదని ధ్వనింపజేయడానికే తప్పు సంధి వేశాడు. తలుపు మూస్తే పైసందులో వేలు దూరుతుంది, కిందిసందులో గోరు దూరదు.

‘పావువంతు’ అంటే దేనిలో పావు? అమ్మినవాడు మొదట చెప్పిన ధరలో పావు అని ఒక వ్యాఖ్యానం. అది కొన్నరోజు సంతోషించడానికి పనికొస్తుంది. చివరికి తేలే మొత్తం ఖర్చులో పావు అన్నదే సంప్రదాయార్థం. మిగతా ముప్పాతికను టింకరు, పెయింటరు, బోరింగు షాపు వాళ్లు పంచుకుంటారు. వీరిలో టింకరుది పెద్ద వాటా. లారీకున్నట్టు ఈ బండికి విడిగా ఛాసీ లేదు. బరువు మోసేది ఒంటి రేకే. నేల రేకు, తలుపుల కింది గుమ్మాలు తుప్పుపడితే పాడయ్యేది అందం కాదు, బండి నడుము.

వాన నీళ్లు రబ్బరు మ్యాట్ల కింద నిలిచి నేలను తింటాయి. తలుపుల అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోతే తలుపులను తింటాయి. డిక్కీలో స్టెప్నీ గుంటలో చేరి దాన్నీ వదలవు. వీటిమీద లప్పం మెత్తి రంగు కొడితే కంటికి ఏమీ తెలియదు. అందుకే కొనబోయేవాడి జేబులో చిన్న అయస్కాంతం ఉండాలి. రేకున్నచోట అంటుకుంటుంది, లప్పం దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. సత్యాన్వేషణకు ఇంత చవకైన ప్రమాణాన్ని తార్కికులు కూడా చెప్పలేదు.

రెండో పాదం

‘చిన్నపనియె’ అన్న మాట ఎవరిది? అమ్మినవాడిదని కొందరు, మేస్త్రీదని కొందరు, గృహస్థు ఇంట్లో వినిపించేలా అన్నదని మరికొందరు. ‘అనుచు’ అన్న క్రియకు పద్యంలో కర్త కనబడడు. ఇది దోషం కాదు, లోకరీతి. పని పెరిగాక ఆ మాట అన్నవాడు ఎక్కడా కనబడడు.

‘తేలు’ శబ్దంలో శ్లేష ఉంది. ఏళ్ల తరబడి కదలని బండి సీటు పీచులో నిజమైన తేలే కాపురముంటుంది. ఎలుకలైతే వైర్ల తొడుగు కొరికి డ్యాష్‌బోర్డు వెనక గూడు కట్టుకుంటాయి. కాబట్టి సీటు ఎత్తేముందు చేతికి తొడుగు వేసుకోవాలన్నది ఇక్కడి విధివాక్యం.

మూడో పాదం

విశ్వరూప సందర్శన క్రమం ఇలా ఉంటుంది. బ్రేకు తొక్కితే పెడలు నేలను తాకుతోంది. ఆయిలు పోస్తే సరి అనుకుని పోస్తారు. పోసినది వెనక చక్రం లోపలి నుంచి కారుతుంది. డ్రమ్ము ఊడదీస్తే సిలిండరులోని రబ్బరు వాషర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ తేమతో సిలిండరు గోడ లోపల గుంటలు పడి ఉంటుంది. సిలిండరు విప్పబోతే నట్టు తిరగదు, పైపు మెలితిరిగి తెగుతుంది. కొత్త పైపు వేయించి గట్టిగా తొక్కితే ఈసారి మాస్టర్ సిలిండరు కారుతుంది. ఇదంతా ఒక్క చక్రం దగ్గర మొదలైన కథ. చక్రాలు నాలుగు.

ఇంజనుది మరో అధ్యాయం. ట్యాంకులో నిలవున్న పెట్రోలు బంకలా మారి సోలెక్స్ కార్బురేటరు జెట్లను పూడుస్తుంది. పిస్టన్లు బోరుకు పట్టేసి ఉంటే వెంటనే సెల్ఫు కొట్టకూడదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో ఆయిలు పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంకు పుల్లీ నట్టుకు పానా తగిలించి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరిగాక ప్లగ్గు వైర్లను ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరసలో తగిలించాలి. వరస తప్పితే ఇంజను దగ్గుతుంది, మంత్రం పలకదు.

ఇక వైరింగు. దాన్ని అర్థం చేసుకోవడానికి తాళపత్ర గ్రంథాల పరిష్కర్త బుద్ధి కావాలి. కడపలో పండితులను కూర్చోబెట్టుకుని సి.పి. బ్రౌన్ ఒక్కో కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పోల్చి చూసినట్టే, ఈ బండిలో ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో తేల్చుకోవాలి. ఒక యజమాని హారనుకు వైరు లాగాడు. తర్వాతివాడు పాటల పెట్టెకు, ఆ తర్వాతివాడు పొగమంచు లైట్లకు లాగాడు. ఎవరూ ఫ్యూజు వేయలేదు, అందరూ నల్లటేపు చుట్టారు. లేఖకులు గ్రంథానికి చేసినదే మెకానిక్కులు బండికి చేశారు. చిరిగినచోట తోచినది అతికించి, అతికించినట్టు ఎక్కడా చెప్పలేదు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాదు రాణీగంజ్, చెన్నై పుదుపేట ఈ విద్యకు భాండాగారాలు. అసలు ముక్క చేత పట్టుకుని వెళ్లి పోల్చి కొనాలి. నోటితో వర్ణించి తెచ్చినది బిగియదు.

నాలుగో పాదం: పాఠాంతరాలు

గ్రంథహృదయం ఇక్కడుంది. రెండు పాఠాంతరాలు ప్రచారంలో ఉన్నాయి.

‘మరల నప్పుచేసి మార్చవలయు’ అన్నది మొదటిది. ఛందస్సు సరిపోతుంది, అనుభవమూ సరిపోతుంది. అయినా ప్రక్షిప్తమే. ఎందుకంటే అప్పు చేయమని శాస్త్రం విధించనక్కరలేదు, అది తనంతట జరుగుతుంది.

‘మరల విప్పకుండ మార్చవలయు’ అన్నది రెండోది. ఇదీ గణాలకు లొంగుతుంది, కనుక అర్థాన్ని బట్టే తేల్చాలి. మళ్లీ విప్పే అవసరం రాకుండా గట్టిగా వెల్డింగు కొట్టేయమని దీని భావం. ఈ పాఠాన్ని పట్టుకున్నవారు పరిణామవాదులు. నేల రేకు కోసి గేరు కర్రను కిందికి దించుతారు. బానెట్ కింద చోటు చాలకపోతే చోటునే కోసి పెద్ద ఇంజను దించుతారు. కర్మాగారంలో వచ్చిన వాషరు తప్ప మరొకటి ముట్టకూడదనే యథాతథవాదులు వీరికి ఎదురుపక్షం. మూలానికి కట్టుబడి ఉంటానని, అనవసరపు మాట ఆడనని ముందే ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి వీరికి ఆదర్శం.

ఇద్దరి వాదమూ నిలవదు. యథాతథవాదికి సమాధానం పెట్రోలు బంకులో దొరుకుతుంది. పద్మిని పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది, వాల్వు సీట్లు అరగకుండా అదే కాపాడేది. దేశంలో 2000 ఫిబ్రవరితో ఆ పెట్రోలు పోయింది. సీసం లేని పెట్రోలుతో జోరుగా తోలితే ఎగ్జాస్టు వాల్వులు సీట్లను అరగదీస్తూ హెడ్డులోకి దిగుతాయి. ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసినది. దాన్ని ఎరగని పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బి పాడవుతాయి. లోకం మారినప్పుడు బండి మారకపోతే అది యథాతథం కాదు, రోడ్డు పక్కన ఆగడం.

పరిణామవాదికి సమాధానం బ్రేకు పెడలులో ఉంది. నలభై గుర్రాలను ఆపడానికి చేసిన డ్రమ్ములు ఎనభై గుర్రాలను ఆపవు. కదిలించే శక్తిని పెంచేముందు ఆపే శక్తిని పెంచాలి. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు లెక్కకూ ఆర్సీ వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందు అనుమతి, తర్వాత ఆర్సీలో నమోదు. 2021లో వచ్చిన నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన సొంత వాహనానికి వింటేజ్ హోదా, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇచ్చారు. కానీ ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చినవాటికి ఆ గౌరవం లేదు. 1974లో తొలిసారి పద్మిని పేరు పెట్టుకున్న బండ్లు ఇప్పుడిప్పుడే ఆ వయసు దాటాయి. తుప్పును, ఎలుకను, ముగ్గురు యజమానులను తట్టుకుని యాభైకి చేరినదాన్ని కటింగు మిషనుకు బలిపెట్టడం న్యాయం కాదు.

కాబట్టి ‘మరల విప్పునట్లు’ అన్నదే సాధుపాఠం. డైనమో ఉన్న బండికి ఆల్టర్నేటరు పెట్టుకోవచ్చు, అదనపు బ్రాకెట్టు బోల్టులతో వస్తుంది. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టుకోవచ్చు, డిస్ట్రిబ్యూటరును కోయనక్కరలేదు. హెడ్‌లైట్లకు రిలే, ప్రతి వైరుకూ ఫ్యూజు, ముందు సీట్లకు బెల్టు తప్పక వేయాలి. తీసిన పాత ముక్కలను పారేయకుండా పేరు రాసి పెట్టెలో దాచాలి. ఆ పెట్టె అటక మీద ఉన్నంతకాలం మార్పు పాఠాంతరం మాత్రమే, మూలం చెడలేదు.

శంక: తుప్పు తిన్న నేలకు కొత్త రేకు వేయాలంటే వెల్డింగు తప్పదు కదా? సమాధానం: అది మార్పు కాదు, పూరణం. ఉన్నదాన్ని కోయడానికీ పోయినదాన్ని నింపడానికీ తేడా ఉంది. శంక: హెడ్డును తొలిచి గట్టి వాల్వు సీట్లు వేయడమో? సమాధానం: అరిగితే ఆ సీట్లను ఊడదీసి వేరేవి వేయవచ్చు, కనుక నియమభంగం లేదు. శంక: కారుకు తగని రంగు వేస్తే? సమాధానం: గీకవచ్చు. అభిరుచికి మాత్రం గీకుడు కాగితం లేదు.

నిషేధాలు

జాకీ ఒక్కటే ఎత్తిపట్టిన బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాకే దూరాలి. ఖాళీ పెట్రోలు ట్యాంకును వెల్డింగుకు ఇవ్వకూడదు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. బ్రేకులు సిద్ధం కాకుండా ఇంజను స్టార్టయిందన్న ఉత్సాహంతో గేటు తెరవకూడదు. ఊడిన నట్లన్నీ ఒకే డబ్బాలో పోయకూడదు. ఈ చివరి నిషేధం పాపం కిందికి రాదు గానీ, ప్రాయశ్చిత్తం మాత్రం పెద్దది.

అలంకారం

విశ్వరూపమన్న మాట చూసి అతిశయోక్తి అనుకునేవారు బండి విప్పనివారు. విప్పినవారికి ఇది స్వభావోక్తి.

ఫలశ్రుతి

పానా పట్టేముందు ఈ పద్యాన్ని అర్థసహితంగా చదివినవారికి బండి కదులుతుందని హామీ లేదు, మైలేజీ వస్తుందని అసలే లేదు. వారి తర్వాత ఆ బండిని విప్పేవాడు వారిని తిట్టడు. పాత బండ్ల లోకంలో ఇంతకు మించిన పుణ్యం ఎవరూ కట్టుకోలేదు.