తలలూపే ఆటోమేటిక్

క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోతోందని కొత్తగా ఆటోమేటిక్ కారు కొన్నవారికి శుభవార్త: ఇక అరిగేది మెడే. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు బండి క్షణం ఊపిరి బిగబట్టి, ఆనక విసురుగా ముందుకు దూకుతుంది. లోపలున్న కుటుంబమంతా త్యాగరాజ ఆరాధనోత్సవంలో కూర్చున్నట్టు ఒకేసారి తలలూపుతుంది.

మన దగ్గర 2014లో సెలెరియో కారుతో చౌకగా దొరకడం మొదలైన ఈ రకం ఆటోమేటిక్ (ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్), విప్పి చూస్తే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్చూ అదే. తొక్కే పని మాత్రం మీ కాలి నుంచి లాక్కుని ఒక యాక్చుయేటర్‌కు అప్పగించారు. గేరు మారేలోగా ఇంజను బలం చక్రాలకు అందదు. ఆ ఖాళీయే మీ కుదుపు.

సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, "బండి మీ డ్రైవింగ్ నేర్చుకుంటోంది సార్" అంటారు. వారంటీ ఉన్నన్నాళ్లూ నేర్చుకుంటూనే ఉంటుంది. వారంటీ తీరిన మర్నాడు చదువు పూర్తయి, "క్లచ్ పోయింది సార్, మార్చాలి" అవుతుంది. గట్టిగా అడిగితే ఇంకో కొత్త బండిలో తిప్పి, అదీ కుదుపుతుందని రుజువు చూపిస్తారు. (ఓదార్పో, నేరాంగీకారమో!)

గేరు మారే ముందు యాక్సిలరేటర్ కాస్త వదిలితే కుదుపు తగ్గుతుందని తెలిసినవాళ్ల సలహా. నిజమే, తగ్గుతుంది. అంటే ఎప్పుడు మారుతుందో మీరే పసిగట్టి, మీరే కాలు తీసి, మళ్లీ మీరే తొక్కాలి. ఈ సౌకర్యానికి మాన్యువల్ మీద సుమారు అరలక్ష అదనం.