టికెట్ లేని పొట్ట

యాభై దాటిన ఆడది సైకిలెక్కితే బెజవాడలో ఎవరూ "ఎక్కడికండీ?" అని అడగరు. "ఎంత తగ్గారండీ?" అని అడుగుతారు. కూరల సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని మార్కెట్ నుంచి వస్తున్నా సరే, సంచీలో బెండకాయల వంక చూడరు, నా నడుం వంకే చూస్తారు. మా వీధిలో పాలు పోసే ఆయన చెరో వైపు ఒక క్యాను కట్టుకుని ఏళ్ళ తరబడి తొక్కుతున్నాడు. ఆయన్ని మాత్రం ఈ మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నిజానికి అడగాల్సింది ఆయన్నే. పిక్కలు చూస్తే ఫొటో తీసి వ్యాయామశాల గోడకి అంటించొచ్చు. పొట్ట మాత్రం హ్యాండిల్ కంటే ముందే గేటు లోపలికి వస్తుంది.

అయినా ఆడదాని సైకిల్ విషయంలో లోకానికి ఎప్పుడూ ఏదో ఒక అవయవం మీద బెంగే. 1890లలో ఇంగ్లండులో కొందరు డాక్టర్లు, సైకిల్ తొక్కితే ఆడవాళ్ళ మొహం బిగుసుకుపోయి, కళ్ళు ముందుకొచ్చి అందం పోతుందని బెదిరించారు. ఆ జబ్బుకి 'సైకిల్ ముఖం' అని పేరు కూడా పెట్టారు. నూట పాతికేళ్ళు గడిచాయి. బెంగ మొహం దిగి నడుం దగ్గరికి వచ్చింది. ఇంకో నూరేళ్ళకి మోకాళ్ళ దాకా వస్తుందేమో.

సరే, సైకిల్ తొక్కితే పొట్టా, తుంటీ బిగుస్తాయా? తుంటి బిగుస్తుంది. పెడల్ కిందకి నొక్కినప్పుడు పని చేసేవి తొడ ముందు కండరాలూ, పిరుదుల్లో ఉండే పెద్ద కండరమూ. దాన్ని డాక్టర్లు గ్లూటియస్ మాగ్జిమస్ అంటారు. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండరం అదే. తొడ వెనక కండరాలూ, పిక్కలూ దానికి సాయం. పొట్ట కండరాల పనల్లా మనిషి అటూ ఇటూ ఊగిపోకుండా చూడ్డమే. ఎత్తు ఎక్కేటప్పుడో, సీటు మీంచి లేచి తొక్కేటప్పుడో వాటికీ కాస్త పని తగులుతుంది. కానీ కాలవ గట్ల మీద పెరిగిన ఊరు మాది. కొండల జోలికి పోకపోతే అంతా చదునే. అంచేత నా పొట్ట పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు పట్టిన కండక్టరు బావమరిదిలా టికెట్ తియ్యకుండా, గాలి పీల్చుకుంటూ హాయిగా ప్రయాణం చేస్తుంది. దిగమంటే దిగదు.

"మరి కొవ్వో?" అంటారు మా ఆయన. ఎక్కడ కదిపితే అక్కడ కరుగుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే టీవీ చూస్తూ నడుం అటూ ఇటూ తిప్పుతుంటారు, చేతిలో జంతికతో.

టెన్నిస్ ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే చేత్తో బాదుతారు కదా. మా ఆయన లెక్కన ఆ చేతి మీద కొవ్వు పల్చబడి ఉండాలి. 1971లో అమెరికాలో కొలిచే చూశారు. రాకెట్ పట్టే చేతిలో కండ పెరిగింది గానీ, చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకీ ఒకటే. 1984లో ఫ్రాంక్ కాచ్ అనే ఆయనా, ఆయన బృందమూ ఇంకో అడుగు ముందుకేశారు. కొంతమంది మగవాళ్ళని సిటప్స్ పేరుతో 27 రోజుల్లో తలా 5,004 సార్లు పడుకోబెట్టి లేపారు. (అయిదు వేలతో ఆపకుండా ఆ చివరి నాలుగూ తీయించిన మనిషికి నా నమస్కారం.) తర్వాత పొట్టలోంచీ, వీపులోంచీ, పిరుదుల్లోంచీ సూదితో కాస్త కాస్త కొవ్వు తీసి చూస్తే, కొవ్వు కణాలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా చిక్కాయి. పొట్ట అంత శ్రమ పడ్డా, పొట్టకని ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. కరిగే కొవ్వు ఏ మూలనుంచి ముందు కరగాలో ఒళ్ళే చూసుకుంటుంది, మన సిఫార్సులు చెల్లవు.

ఆ కరిగింది ఎటు పోతుంది? చెమటై కారిపోతుందని మా అపార్ట్‌మెంట్ మొత్తం ఏకగ్రీవంగా నమ్ముతుంది. ఒకావిడైతే మే నెలలో రెయిన్‌కోటు వేసుకుని నడుస్తుంది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు లెక్క వేసి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయి ఊపిరిలో పోతుంది, మిగతా 1.6 కిలోలే నీళ్ళవుతాయి. అంటే మనిషి పొట్ట చాలామటుకు ముక్కులోంచి పోతుందన్నమాట. ఇది చదివినప్పట్నించీ తెల్లారుజామున ప్రకాశం బ్యారేజీ మీద రొప్పుతూ పోయేవాళ్ళంటే నాకు గౌరవం పెరిగింది, వాళ్ళ వెనక తొక్కడం తగ్గింది. పీల్చేది ఎవరి నడుమో ఏమో.

లెక్కలు ఎత్తుకున్నాం గనక ఇదీ చెప్పేస్తాను. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు. డెబ్భై కిలోల మనిషి (ఉదాహరణకే అన్నాను, ఆరా తియ్యకండి) మామూలు వేగంతో గంట సైకిల్ తొక్కితే ఖర్చయ్యేది ఓ 400. అంటే కిలో తగ్గాలంటే 19 గంటలు తొక్కాలి. మరి నెయ్యో? పెద్ద చెంచాడుకి 120 పైనే. మా సైకిల్ గుంపు బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా కరకట్ట పట్టుకుని ఉండవల్లి దాకా వెళ్తుంది. అక్కడ గుహల దగ్గర ఫొటోలు. ఇక తిరుగు దారిలో హ్యాండిళ్ళన్నీ వాటంతటవే గాంధీనగర్ వైపు తిరుగుతాయి. బాబాయ్ హోటల్లో పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్నముద్ద జారుతుంటే, పక్కన కారప్పొడి ఎర్రగా నవ్వుతుంటే, ఇందాక ఖర్చు పెట్టింది తిరిగి జమ అవుతోందని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? వచ్చినా అప్పటికి ఆ నోరు ఖాళీగా ఉండదు.

మా మామగారు ఈ లెక్కలు ఒప్పుకోరు. "పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిల్ మీదే వెళ్ళేవారమ్మా, ఆయనకి పొట్ట ఉందా?" అంటారు. లేదు మామయ్యగారూ. కానీ ఆయన దారిలో ఆగి పెసరట్టు ఉప్మా తిన్నట్టు కూడా ఎక్కడా లేదు.

ఇక సీటు. మనవాళ్ళు రెండు కాళ్ళూ నేలకి ఆనేటట్టు సీటు దించుకుంటారు. ధైర్యం సంగతేమో గానీ, అలా తొక్కితే మోకాళ్ళు ముడుచుకుపోయి భారమంతా వాటిమీదే పడుతుంది. తుంటికి చాలినంత పని ఉండదు. సైకిల్ షాపు కుర్రాడు నన్ను సీటు మీద కూర్చోబెట్టి, మడమ పెడల్ మీద పెట్టించి, కింద దాకా తొక్కమన్నాడు. "కాలు నిటారుగా సాగాలి మేడం, అప్పుడు కరెక్టు" అని సీటు కింద నట్టు వదులు చేసి నాలుగు వేళ్ళ మందం పైకి లేపాడు. ఆ నాలుగు వేళ్ళకే నాకు ఊరు కొత్తగా కనబడింది. మర్నాటి నుంచి, నాకున్నట్టు అంతవరకూ తెలియని కండరాలు పేరుపేరునా పలకరించాయి.

కొన్ని నెలలయ్యాక చుడీదార్ కుట్టించడానికి వెళ్ళాను. టైలరు టేపు తొడ చుట్టూ తిప్పి, "అర అంగుళం ఎక్కువ పెట్టాలమ్మా" అన్నాడు. నడుం సంగతేమిటని అడిగాను. పుస్తకంలో పాత పేజీ తీసి, టేపు మళ్ళీ ఒకసారి లాగి చూసి, చెవి మీద పెన్సిల్ సర్దుకుని, "నడుం పాతదే వేసేస్తానమ్మా, మార్పు లేదు" అన్నాడు, నాకేదో తీపి కబురు చెప్పినట్టు.

టేపుకి సూటిగా అందని కొవ్వు ఒకటుంది. చర్మం కింద కాదు, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునేది. చక్కెర జబ్బుకీ గుండె జబ్బుకీ దారి వేసేది ఎక్కువగా అదే. ఆడవాళ్ళకి వయసులో ఉండగా తుంటికీ తొడలకీ చేరే కొవ్వు, నెలసరి ఆగాక పొట్టలోకి చేరడం మొదలుపెడుతుంది. రోజూ ఆయాసం వచ్చేలా తొక్కితే, తూకంలో ముల్లు పెద్దగా కదలకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది. దాన్ని అంచనా కట్టేది నడుంతోనే. మన దేశంలో ఆడవాళ్ళకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదంటారు. మా టైలరు సెంటీమీటర్లలో కొలవడు. ఆ విషయంలో అతనికి రుణపడి ఉన్నాను.

ఇదంతా తెనాలిలో మా వదినకి ఫోన్లో పూస గుచ్చినట్టు చెప్పాను. ఊపిరి సంగతి దగ్గర ఆవిడ చటుక్కున పట్టుకుంది.

"అయితే ఆ ఊపిరేదో ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వదిలితే సరిపోదుటే?"

"కండరం అడక్కుండా ఊరికే గబగబా వదిలితే కళ్ళు తిరుగుతాయి వదినా, కొవ్వు కరగదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోనులోంచి మూకుడులో ఏదో వేగుతున్న చప్పుడు.

"మీ అన్నయ్య బ్యాటరీ సైకిల్ కొంటానంటున్నారు. తొక్కక్కర్లేదుట, దానంతటదే పోతుందిట. నేను వెనకాల క్యారియర్ మీద కూర్చుంటాను. దాని వల్ల నాకు ఎంత తగ్గుతుందో కాస్త లెక్క వేసి చెప్పవే."