లెక్క సర్కారుది, నోరు మనది

మొన్న మా ఆఫీసులో ఊబకాయ నివారణ శిబిరం పెట్టారు. బరువు చూసే మిషన్, ఎత్తు కొలిచే కర్ర, మెళ్ళో టేపు వేసుకున్న సిస్టరూ వచ్చారు. మిషన్ ఎక్కేముందు ఒక్కొక్కరూ పర్సులు, ఫోన్లు, తాళాల గుత్తులు తీసి బల్లమీద పెడుతుంటే, పాతికేళ్ళుగా మనం మోస్తున్న బరువంతా ఆ తాళాలదేనేమో అనిపించింది. సూపరింటెండెంటుగారైతే బెల్టు కూడా విప్పారు.

అకౌంట్స్ సెక్షన్‌లో పుల్లలాంటి కుర్రాడొకడున్నాడు. బీఎంఐ 22 అనగానే కాలరెగరేశాడు. సిస్టర్ మాట్లాడకుండా వాడి పొట్ట చుట్టూ టేపు తిప్పింది. మన మగాళ్ళకి గీత 90 సెంటీమీటర్ల దగ్గర గీశారు. వాడిది 94. కాలరు దానంతటదే దిగిపోయింది. ఇదేం కొత్త సంగతి కాదు. 2004లోనే పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగి లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2. చూపుకి ఇద్దరూ సన్నమే. మనాయన సన్నం పైపైన పూత.

నా వంతు వచ్చింది. "ఊపిరి ఎంతసేపు బిగబడతారు సార్, వదిలేయండి" అంది సిస్టర్. వదిలాను. 98.

తర్వాత ఉపన్యాసం. స్లయిడ్ల మీద జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు వేశారు. 2019-21 నాటి ఐదో సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వయసులో అధిక బరువూ ఊబకాయమూ ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1. తెలంగాణలో ఆడవాళ్ళు 30.1, మగవాళ్ళు 32.3. దేశం మొత్తం మీద ఆడవాళ్ళు 24 శాతమే. అంటే తూకంలో మనం జాతీయ సగటుని ఎప్పుడో దాటేశాం. అదే సర్వేలో ఆంధ్ర ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని కూడా ఉంది. ఒళ్ళు వచ్చింది, ఒంట్లో రక్తం మాత్రం రాలేదు. బాగా తిని లావయ్యారు అనే మాటకి ఆ ఒక్క అంకె చాలు జవాబు.

ఇల్లిల్లూ తిరిగి, టేపులు చుట్టి, ఇంత శ్రద్ధగా లెక్క రాసుకున్న సర్కారుకి చేతులెత్తి మొక్కాలి. మరి అంత లెక్కా చేతికొచ్చాక ఏం చెయ్యాలన్నది చివరి స్లయిడ్‌లో ఉంది: నూనె తగ్గించండి, నడవండి, నోరు కట్టేసుకోండి. ఇది చెప్పడానికి సర్వే ఎందుకండీ? మా నాయనమ్మ చాలు. ఆవిడకి భత్యం కూడా అక్కర్లేదు.

నూనె సంగతి చూడండి. 2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధానిగారు ప్రతి ఇల్లూ నెలకి పది శాతం నూనె తక్కువ కొనాలన్నారు. సలహా చెడ్డదేం కాదు. ఆ తర్వాత ఈ మాట ప్రచారం చెయ్యడానికి పదిమంది ప్రముఖుల్ని నామినేట్ చేశారు. వాళ్ళు తలా పదిమందిని నామినేట్ చెయ్యాలి. నాకు చిన్నప్పటి పోస్టుకార్డులు గుర్తొచ్చాయి: గుళ్ళో పాము కనిపించింది, ఈ సంగతి పదిమందికి రాస్తే లక్ష్మీకటాక్షం, రాయకపోతే అరిష్టం. ఇప్పుడు పాము బదులు నూనె సీసా.

నడక సంగతీ అంతే. రోజుకి పదివేల అడుగులు శాస్త్రం చెప్పిందని మా ఉపన్యాసకుడు సెలవిచ్చారు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టింది. అంకె అక్కణ్ణుంచి వచ్చింది. నడక మంచిదే, ఎంత నడిస్తే అంత మంచిది. కానీ వేదవాక్యంలా పఠిస్తున్న అంకె పుట్టింది సైన్‌బోర్డు మీద.

ఇంతలో సమోసా దోషిగా దొరికింది. 2025లో ఆరోగ్యశాఖ ఆఫీసుల్లో నూనె, చక్కెర బోర్డులు పెట్టమంది. పేపర్లవాళ్ళు దాన్ని సమోసాకీ జిలేబీకీ సిగరెట్ పెట్టె హెచ్చరికలా రాసేశారు. దేశం భగ్గుమంది. అబ్బే, బండివాళ్ళ మీద మేమేం రాయమనలేదు, ఊరికే సలహా ఇచ్చామంతే అని సర్కారు వివరణ ఇచ్చుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. దుత్త సందు చివర బాణలి పెట్టుకున్న బజ్జీలాయన. అత్తగారు టీవీలో, క్రికెట్ ఓవర్ల మధ్యలో, తళతళలాడే ప్యాకెట్‌లో కూర్చుని ఉంటుంది. ఆవిడ జోలికి ఎవరెళ్తారు?

వెళ్ళిన దేశాలున్నాయి. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేసింది. అమ్మకాలు తగ్గాయి. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్ర కొట్టింది, పిల్లల తిండి డబ్బాల మీద బొమ్మలు చెరిపించింది. బ్రిటన్ 2018లో తీపి పానీయాల్లో చక్కెర ఎక్కువైతే పన్ను ఎక్కువ అంది. పన్ను మొదలయ్యే రోజుకి ముందే కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. జనానికి నీతిబోధ చెయ్యకుండానే.

మనం 2022లో నల్లముద్రకి బదులు నక్షత్రాలు ఇద్దామన్నాం. ప్యాకెట్‌కి అర నుంచి ఐదు. చక్కెర ఉంటే మార్కులు పోతాయి, కాస్త పీచో జీడిపప్పో కలిపితే కొన్ని తిరిగొస్తాయి. సినిమా రివ్యూలు చదివే జాతి మనది, రెండున్నర రేటింగ్ అంటే ఏమిటో మనకి తెలీదా? 'సెకండాఫ్ కాస్త సాగింది గానీ ఫ్యామిలీతో ఒకసారి తినొచ్చు.' ఆ ముసాయిదా మీద పద్నాలుగు వేలకి పైగా అభిప్రాయాలొచ్చాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. మూడు నెలలయ్యాక ఇంకో మూడు నెలలు గడువు పుచ్చుకున్నారు. జనం నోరు ఇవాళే కట్టేసుకోవాలి. ప్యాకెట్ నోరు విప్పడానికి మాత్రం ముహూర్తం కుదరాలి.

పన్నుల దగ్గరైతే మనవాళ్ళ సమదృష్టికి దండం పెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీం మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. అదే రోజు జిమ్ ఫీజు మీద కూడా 18 నుంచి 5కి దిగింది. తినడానికీ 5, అరిగించడానికీ 5. గ్యాస్ పానీయాల మీద 40 శాతం ఉంది, నిజమే. కానీ సీసాలో చక్కెర నిండుగా ఉన్నా, చెంచా కూడా లేకపోయినా అదే 40. తగ్గించిన కంపెనీకి ఒరిగేదేముంది? బ్రిటన్ పాఠం మనం కాపీ కొట్టాం గానీ జవాబు వదిలేశాం.

శిబిరం ముగిసింది. చివర్లో అందరికీ అల్పాహారం పొట్లాలు పంచారు. అందులో క్రీము బిస్కెట్ల ప్యాకెట్, మామిడి రసం డబ్బా, కాస్త మిక్చర్ ఉన్నాయి. సమోసా లేదు. దాన్ని నిషేధించారట, ఆరోగ్యరీత్యా.

బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూశాను. ముందువైపు పాలధార, గోధుమ కంకులు. వెనక, అతుకు మడత కింద, చీమలు బారులు తీరినట్టు ఏవో అక్షరాలు. కళ్ళజోడు పైకెత్తాను, కిందికి దించాను, కిటికీ దగ్గరికెళ్ళాను. చక్కెర అన్న మాట దొరికింది, పక్కనున్న అంకె మాత్రం మడతలోకి వెళ్ళిపోయింది.

సిస్టర్ టేపు చుట్టి సంచీలో పెట్టుకుంటోంది. "అమ్మా, ఆ టేపుతో ఈ అక్షరాలు కూడా ఒకసారి కొలిచి పెడతావా?" అన్నాను.

ఆవిడ ప్యాకెట్ అందుకుని, కళ్ళు చికిలించి చూసి తిరిగిచ్చేసింది.

"దీనికి పనికిరాదు సార్. ఇది మనుషుల్ని కొలిచే టేపు."