అయిందా, అయ్యే ఉంటదా?

ఇంటి కంప్యూటర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ పడిందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. చేవెళ్ల మండలం ఆలూరులోనైనా, ఇంకెక్కడైనా, ఆ ఐదు నిమిషాలకు ముందు కొన్ని నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో ప్రశ్న పుట్టక కాదు. పుడుతుంది, జవాబు కూడా దొరుకుతుంది. గచ్చిబౌలిలో కొలువు చేసే కొడుకు ఫోన్ చేసి "బాపూ, అప్‌డేట్ అయిందా?" అంటాడు. "అయ్యే ఉంటది బిడ్డా, నిన్న పొద్దుగాల ఏందో గుండ్రంగ తిరిగింది" అని తండ్రి చెబుతాడు. తెర మీద చుక్కలు తిరగడం ఏదో జరిగిందనడానికి సాక్ష్యమే. అది పూర్తయిందా, మధ్యలో ఆగిందా, అసలు అప్‌డేటేనా అన్నది చుక్కలు చెప్పవు.

సెక్యూరిటీ అప్‌డేట్ అంటే విండోస్‌లో బయటపడిన లోపాలను పూడ్చే సవరణల మూట. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ఈ మూటను ప్రతి నెలా రెండో మంగళవారం విప్పుతోంది. అమెరికా పడమటి తీరంలో అప్పుడు ఉదయం పది గంటలు. మన గడియారంలో ఎండాకాలమైతే రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. మంగళవారం కొత్త పని మొదలుపెట్టని ఇళ్లకు ఇందులో ఇబ్బందేమీ లేదు. ఆలూరులో ఎవరైనా కంప్యూటర్ తెరిచేసరికి ఎలాగూ బుధవారం తెల్లారుతుంది. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో 1998 నుంచీ ఉంది. దాని సీఈఓ సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్నవారే. ఇంత చుట్టరికం ఉన్నా, అప్‌డేట్ మాత్రం మొయినాబాద్ మీదుగా మర్రిచెట్ల రోడ్డున బస్సెక్కి రాదు. ఇంటర్నెట్ ఉంటే వస్తుంది, లేకుంటే లేదు.

పడకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక జవాబుంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 అనే సవరణ విడుదల చేసింది. కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపానికి అది మందు. మే 12న వాన్నాక్రై అనే పురుగు ఆ లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమంది. మరునాటికి ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దొంగలను పట్టే చోటికే దొంగ వచ్చి తాళం వేసి పోయాడన్నమాట. మందు వచ్చిన రోజుకూ జబ్బు వచ్చిన రోజుకూ మధ్య 59 రోజులున్నాయి. "అయ్యే ఉంటది" అనుకోవడానికి అది చాలినంత వ్యవధి.

చూసుకునే పని సెట్టింగ్స్‌లో మొదలవుతుంది. విండోస్ 11లో విండోస్ అప్‌డేట్ అన్నది ఎడమ వరుసలో అట్టడుగున ఉంటుంది. విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ లోపల ఉంటుంది. తెరవగానే పచ్చటి టిక్కు, పక్కన "యూ ఆర్ అప్ టు డేట్" అన్న మాట. నూటికి తొంభై మంది పరిశోధన ఇక్కడే ముగిసి, పేజీ మూతపడుతుంది. ఆ టిక్కు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంటుంది: చివరిసారి ఎప్పుడు వెతికిందీ అని. అక్కడ మూడు వారాల కిందటి తేదీ ఉంటే, ఆ టిక్కు మూడు వారాల కిందటి సంగతే చెబుతోంది. సంక్రాంతికి "ఇంట్ల అందరు మంచిగున్నరు" అని వచ్చిన కబురును ఉగాదికి చదువుకుని నిశ్చింతగా ఉండటం లాంటిదే ఇది. కాబట్టి టిక్కును చూసి మురిసే ముందు "చెక్ ఫర్ అప్‌డేట్స్" అన్న బటన్ నొక్కాలి. నొక్కితే కొన్ని ఇళ్లలో టిక్కు మాయమై, డౌన్‌లోడ్ కావలసినవి వరుస కడతాయి. ఆ వరుసను చూసి "నొక్కకుంటెనే నయముండె" అనే పెద్దమ్మలు కూడా ఉంటారు.

వెతకకపోవడానికి కంప్యూటర్‌కూ కారణాలుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంట్లో, రోజు డేటా మధ్యాహ్నానికే ఖర్చయిపోతోందని ఎవరో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్" అని గుర్తు పెట్టి ఉంటారు. ఆ గుర్తు ఉన్న కనెక్షన్ మీద విండోస్ పెద్ద అప్‌డేట్లను తనంత తాను దించుకోదు. ఈ విషయంలో దానికున్న పొదుపు ఇంట్లో రీల్స్ చూసేవారికి లేదు. రెండో కారణం "పాజ్" బటన్. హాల్‌టికెట్ ప్రింట్ తీసే రోజున అడ్డం వచ్చిందని ఒకసారి నొక్కితే వారం, మళ్లీ మళ్లీ నొక్కితే ఐదు వారాల దాకా అప్‌డేట్లు ఆగిపోతాయి. హాల్‌టికెట్‌తో వెళ్లిన పిల్ల పరీక్ష రాసి వచ్చి, ఫలితం కోసం ఎదురుచూస్తున్నా పాజ్ అలాగే ఉంటుంది.

తర్వాతి మెట్టు "అప్‌డేట్ హిస్టరీ". ఏ అప్‌డేట్ ఏ తేదీన పడిందో, ఏది విఫలమైందో అక్కడ రాసి ఉంటుంది. ప్రతిదానికీ కేబీ అని మొదలయ్యే ఒక నంబరు. ఈ జాబితాలో ఒక మాయ ఉంది. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ కొత్త వైరస్‌ల గుర్తులను రోజూ, కొన్నిసార్లు రోజుకు పలుమార్లు తెచ్చుకుంటుంది. అవన్నీ కేబీ 2267602 అన్న ఒకే నంబరుతో నమోదవుతాయి, పక్కన వర్షన్ అంకె మాత్రం మారుతుంది. పేరులో "సెక్యూరిటీ" అన్న మాట ఉంటుంది, తేదీ నిన్నటిదో ఇవాళ్టిదో ఉంటుంది. తండ్రి దాన్ని చూసి, "నిన్ననే పడ్డది బిడ్డా, సెక్యూరిటీ అని సుత రాసున్నది" అని ఫోన్‌లో చదివి వినిపిస్తాడు. ఆయన చదివింది అక్షరాలా నిజం. అడిగింది మాత్రం అది కాదు. అడిగినది "క్వాలిటీ అప్‌డేట్స్" అన్న శీర్షిక కింద ఉంటుంది, దాని పేరులో "క్యుములేటివ్" అనో నెల పేరో కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు. ఫలానా కేబీ నంబరు ఉందో లేదో చూడమని ఎవరో చెబుతారు. జాబితా అంతా కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వెతుకుతారు. ఆ నంబరు ఉండదు. ఇల్లంతా కంగారు. నిజానికి ఆ నంబరు లేకపోయినా మందు పడి ఉండవచ్చు. విండోస్ 10 నుంచి నెలవారీ మూటలన్నీ పేర్చుకుంటూ వచ్చేవే: జూన్ మూటలో మే మూట ఉంటుంది, అందులో ఏప్రిల్‌ది ఉంటుంది. విండోస్ 7, 8.1కు కూడా 2016 అక్టోబరు నుంచి ఇలాంటి నెలవారీ మూటలు మొదలయ్యాయి. వాన్నాక్రై రోజుల్లో విండోస్ 7 ఉన్నవారంతా కేబీ 4012212 కోసం, లేదా కేబీ 4012215 కోసం వెతికారు. ఆ రెండూ వేయకుండా మే నెల మూట కేబీ 4019264 ఒక్కటే వేసుకున్న యంత్రంలో పాత నంబర్లు కనబడకపోవచ్చు, యంత్రం మాత్రం భద్రమే. కమాండ్ ప్రాంప్ట్‌లో "సిస్టమ్‌ఇన్ఫో" అని కొట్టి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి, సినిమాలో హ్యాకర్‌లా తోచి సంతోషించినా ఇదే చిక్కు. అది చూపే హాట్‌ఫిక్స్‌ల వరుసలో పాతవి కొత్తవాటిలో కలిసిపోయి, పేరు లేకుండా ఉంటాయి.

అందుకే నంబరు వెంట పడటం కన్నా బిల్డ్ అంకె చూడటం మేలు. విండోస్ బొమ్మ ఉన్న కీ, ఆర్ అక్షరం కలిపి నొక్కి "విన్‌వర్" అని ఇంగ్లిష్‌లో కొట్టాలి. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో విండోస్ 10 చివరి వర్షన్ అయితే 19045, దాని పక్కన చుక్క పెట్టి ఇంకో అంకె కనిపిస్తాయి. చుక్క తర్వాతి అంకె నెలనెలా పెరుగుతుంది. ఏ నెల మూటతో ఏ అంకె వస్తుందో మైక్రోసాఫ్ట్ తన సైట్‌లో పట్టీ పెడుతుంది. ఇంట్లోని అంకె పట్టీలోని అంకెతో సమానమైనా, అంతకు మించినా, ఆ సవరణ పడినట్టే. ఇంత సులువైన పద్ధతిని జనం వాడకపోవడానికి కారణం ఒకటే కనిపిస్తుంది: ఆ పెట్టెలో టిక్కు ఉండదు, రంగు ఉండదు, "ఓకే" తప్ప నొక్కడానికి ఏమీ ఉండదు.

అంకెను కూడా నమ్మని వారికి 2017లో మైక్రోసాఫ్టే ఇంకో దారి చూపింది. సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో డ్రైవర్స్ లోపల ఎస్‌ఆర్‌వీ.సిస్ అనే ఫైలు ఉంటుంది. వాన్నాక్రై వాడుకున్న లోపం ఉన్నది అందులోనే. దాని మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వర్షన్ చూస్తే, విండోస్ 7లో 6.1.7601.23689, విండోస్ 8.1లో 6.3.9600.18604, లేదా అంతకంటే పెద్దది ఉండాలి. గుళిక మింగావా అని అడక్కుండా నేరుగా రక్తపరీక్ష చేయడం ఇది. ఇంటి అవసరాలకు ఇంత లోతు అక్కర్లేదు. కానీ ఆ ఫోల్డర్‌లోకి ఒకసారి వెళ్లొచ్చినవారు వీధిలో మిగతా కంప్యూటర్లకు కూడా వైద్యులైపోవడం ఖాయం.

పడింది అని తేలాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. చాలా అప్‌డేట్లు రీస్టార్ట్ అయ్యాకనే అమల్లోకి వస్తాయి. విండోస్ అప్‌డేట్ పేజీలో "పెండింగ్ రీస్టార్ట్" అని ఉంటే సవరణ గుమ్మం దాకా వచ్చి నిలబడిందని అర్థం. "దినాం రాత్రి బంద్ చేస్తనే ఉన్న గద" అన్నది ఇంటి పెద్దల వాదన. ల్యాప్‌టాప్ మూత వేయడం బంద్ చేయడం కాదు, అది నిద్ర. షట్‌డౌన్ చేసినా, విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల చాలా యంత్రాలు లోపలి సరంజామాను డిస్కులో దాచిపెట్టి, పొద్దున దాన్నే తిరిగి తీసుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ అన్న చోట "అప్ టైమ్" చూస్తే, రోజూ ఆపుతున్నామనుకున్న కంప్యూటర్ పన్నెండు రోజులుగా మేలుకునే ఉన్నట్టు బయటపడుతుంది. రీస్టార్ట్ అన్న బటన్‌నే నొక్కాలి. అప్పుడు తెర మీద శాతాలు నడుస్తాయి. ముప్పై శాతం దగ్గర అది ఆగి ఆలోచిస్తున్నప్పుడు ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోకుండా కాపాడుకోవాలి. కరెంటు పోతే మాత్రం ఎవరూ చేసేదేం లేదు. తిరిగి వచ్చాక విండోస్ చేసిన మార్పులు వెనక్కి తీసుకోవచ్చు, హిస్టరీలో "ఫెయిల్డ్" అని రాసుకోవచ్చు. పని మళ్లీ మొదలు.

అప్‌డేట్ అంటేనే పడనివారూ ఉంటారు, వారి చేతిలో గట్టి ఉదాహరణే ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. "చూసినవా, అప్‌డేట్ చేసుకుంటే గట్లయితది" అని ఊళ్లో ఒక కాక గెలిచినట్టే మాట్లాడతాడు. క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్‌ను కొనుక్కునేది కంపెనీలు, ఆ అప్‌డేట్ విండోస్‌ది కాదు. ఆలూరు ఇంట్లో అది ఉండే అవకాశం దాదాపు లేదు. ఈ వివరణ పూర్తయ్యేసరికి కాక లేచి పొలానికి పోయి ఉంటాడు.

అప్‌డేట్ గురించి కంప్యూటర్ కాకుండా వేరెవరైనా చెబితే అది వేరే కథ. బ్రౌజర్‌లో ఎర్రటి పెట్టె మోగుతూ "మీ విండోస్ పాతబడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటే అది మైక్రోసాఫ్ట్ కాదు. ఆ కంపెనీ తనంత తాను ఎవరికీ ఫోన్ చేసి అప్‌డేట్ వేయిస్తాననదు. డబ్బు పోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేయకుండా.

చివరిది, పాత విండోస్ ఉన్న ఇళ్ల సంగతి. విండోస్ 7కు సాధారణ సేవలు 2020 జనవరి 14తో ఆగాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆగాయి. ఆ రోజు వచ్చిన కేబీ 5066791తో బిల్డ్ 19045.6456 అయింది. విన్‌వర్‌లో చుక్క తర్వాత అంతకంటే చిన్న అంకె ఉంటే, అందరికీ వచ్చిన చివరి మూట కూడా అందలేదన్నమాట. తర్వాతి సవరణలు అదనపు సేవ కింద నమోదైన ఇంటి కంప్యూటర్లకే, అదీ 2026 అక్టోబరు 13 దాకా. నమోదు లింకు విండోస్ అప్‌డేట్ పేజీలోనే కనిపిస్తుంది. దాని కోసం మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ గచ్చిబౌలిలోని కొడుక్కు తెలుసని తండ్రి, బాపు డైరీలో ఉందని కొడుకు చెబుతారు.